ఒక పడకగది, ఒక కారు: చిన్న ఆధునిక గృహం – చారిత్రక పరిశీలన

7.0 పరిచయం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక కాగితం, స్కేలు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఒక అడుగును అర సెంటీమీటరుగా తీసుకొని 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల పడకగదిని గీయండి. దాని పక్కన 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గల కారు షెడ్డును గీయండి. తలుపు తీసుకొని సుఖంగా దిగాలంటే ఒక కారుకు దాదాపు అంత స్థలం కావాలి. ఇప్పుడు రెండింటినీ పోల్చి చూడండి. మనుషులు పడుకునే గది 100 చదరపు అడుగులు, కారు నిలిచే గది 180 చదరపు అడుగులు.

మన దేశపు జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఒకే నివాస గది ఉన్న ఇంట్లో ఆ గది వైశాల్యం 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు. అంటే సుమారు 102 చదరపు అడుగులు. మనిషికి కనీసంగా నిర్ణయించిన చోటు కంటే కారు అడిగే చోటు ఎక్కువ. నాలుగు పడకగదుల ఇంట్లో ఈ తేడా ఎవరికీ కనిపించదు. ఒకే పడకగది ఉన్న ఇంట్లో దాచడం కష్టం. చిన్న ఆధునిక గృహాన్ని రూపొందించిన వాస్తుశిల్పులందరూ ఏదో ఒక దశలో ఈ లెక్క ముందు ఆగవలసి వచ్చింది. వారు దాన్ని ఎలా తేల్చుకున్నారో, ఆ తీర్పుల వల్ల ఇంట్లో ఎవరికి చోటు పెరిగిందో, ఎవరికి తగ్గిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

7.1 గుర్రపుశాల నుంచి మోటారు షెడ్డుకు

కారు పుట్టగానే ఇంట్లోకి రాలేదు. తొలి రోజులలో అది సంపన్నుల వాహనం. వారి ఇళ్లలో అప్పటికే గుర్రాలకు, బండ్లకు ఇంటి వెనుక వేరే కొట్టాలు ఉండేవి. గుర్రం పోయిన చోట మోటారు నిలిచింది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే మీరు దీన్ని కళ్లారా చూడవచ్చు. అక్కడ నిజాముల పాత కార్లు ఉంచిన చోటును ఇప్పటికీ బగ్గీఖానా అనే పిలుస్తారు.

షెడ్డు ఇంటికి దూరంగా ఉండటానికి ఇంకో కారణం పెట్రోలు. నిప్పంటుకుంటే ఇల్లు తగలబడుతుందన్న భయం ఉండేది. అందువల్ల అమెరికాలో 20వ శతాబ్దం తొలి దశాబ్దాల ఇళ్లను చూస్తే, స్థలం వెనుక మూల ఒక చిన్న చెక్క షెడ్డు, దాని దాకా వీధి నుంచి ఒక సన్నని దారి కనిపిస్తాయి. 1908లో సుమారు 850 డాలర్లకు వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారు 1925 నాటికి 260 డాలర్లకు దిగింది. 1927లో దాని తయారీ ఆపే నాటికి కోటీ 50 లక్షల కార్లు రోడ్డెక్కాయి. సియర్స్ సంస్థ 1908 నుంచి 1940 వరకు కేటలాగు ద్వారా ఇళ్లను విడిభాగాలుగా అమ్మింది. చెక్క, మేకులు, పటం అన్నీ కలిపి రైలులో పంపేది. ఆ కేటలాగులలో కారు షెడ్లకు కూడా చోటు దొరికింది. అటువంటి వెనుక షెడ్లలో కార్లు మాత్రమే ఉండేవని అనుకోకండి. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గల ఒక షెడ్డులో 1939లో హ్యూలెట్, ప్యాకర్డ్ అనే ఇద్దరు యువకులు ఒక కంపెనీ మొదలుపెట్టారు. గోడలున్న ఖాళీ గది దొరికితే దాన్ని కారుకు మాత్రమే వదిలిపెట్టే మనిషి అరుదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని అవసరం వస్తుంది.

ఇక్కడ మన భాషలోని ఒక మాటను గమనించండి. తెలుగు ఇళ్లలో కారు నిలిపే కప్పును చాలామంది పోర్టికో అంటారు. స్తంభాల మీద నిలిచిన ముఖమండపాన్ని సూచించే లాటిన్ మాట నుంచి వచ్చిందది. వలస పాలన కాలపు బంగళాలలో గుర్రపుబండి ఈ కప్పు కిందికి వచ్చి ఆగేది. దొర ఎండావానలు తగలకుండా దిగి లోపలికి వెళితే బండి వెనుక కొట్టానికి పోయేది. అంటే పోర్టికో దిగే చోటు మాత్రమే, నిలిపే చోటు కాదు. ఈ తేడా చెరిగిపోయి దిగే చోటే నిలిపే చోటు కావడం మన చిన్న ఇళ్ల చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. బంగళా అనే మాట బెంగాలు నుంచి ఇంగ్లండుకు, అక్కడి నుంచి అమెరికాకు ప్రయాణించింది. కాలిఫోర్నియాలో అది మధ్యతరగతి వారి ఒకే అంతస్తు చిన్న ఇంటికి పేరైంది.

7.2 కారులాంటి ఇల్లు

పారిస్‌లో పనిచేస్తున్న లె కార్బూజియే ఈ సమస్యను తలకిందులు చేశాడు. ఇంట్లో కారుకు చోటెక్కడ అని ఇతరులు అడుగుతుంటే, ఇల్లే కారులా ఎందుకు తయారు కాకూడదని అతడు అడిగాడు. 1920లో మొదలుపెట్టిన తన నమూనా గృహానికి సిట్రోహాన్ అని పేరు పెట్టాడు. ఇది సిట్రోయెన్ కారు పేరు మీద చేసిన శ్లేష. 1922లో పారిస్ ప్రదర్శనలో ఉంచిన రూపంలో ఇల్లు స్తంభాల మీదికి లేచింది. కారు దాని కిందికి వెళ్లింది. పైన రెండంతస్తుల ఎత్తు గల ఒక పెద్ద గది, అందులోకి తొంగిచూసే అటక లాంటి అంతస్తు మీద పడక ఉన్నాయి. పడకగదికి నాలుగు గోడలు అక్కరలేదనడం ఇందులోని సాహసం.

1928-31 మధ్య పారిస్ సమీపంలోని పొయ్‌సీలో కట్టిన విల్లా సవోయ్‌లో కారుకు ఇంకా పెద్దపీట వేశాడు. కింది అంతస్తులోని వంపు తిరిగిన అద్దాల గోడను కారు మలుపు తిరిగే వ్యాసార్ధాన్ని బట్టి నిర్ణయించాడు. కారు గీసిన గీత మీద గోడ లేచిందన్నమాట. అయితే అది చిన్న ఇల్లు కాదు. అక్కడ డ్రైవరుకు కూడా గది ఉంది.

అదే కాలంలో జర్మనీలో చిన్న ఇంటి గురించి మరింత నిజాయితీ గల ఆలోచన సాగింది. మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ 1926లో రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు మాత్రమే. వంట చేసే మనిషి వేసే అడుగులను లెక్కించి ఆ కొలతలు తీశారు. 1929లో అదే నగరంలో ఆధునిక వాస్తుశిల్పుల అంతర్జాతీయ మహాసభ కనీస నివాసం అనే అంశం మీద సమావేశమైంది. ఆ వంటగదినీ, మీరు మొదట గీసిన కారు షెడ్డునూ పోల్చండి. ఒక షెడ్డులో అలాంటి వంటగదులు రెండున్నర పడతాయి. ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుడు కారు కొనగల స్థితిలో లేడు కనుక వారి లెక్కలోకి ఈ ప్రశ్న రాలేదు.

7.3 గోడలు తీసేసిన షెడ్డు: జాకబ్స్ ఇల్లు

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవాడు అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. విచిత్రమేమిటంటే, 1910లో షికాగోలో పూర్తయిన రోబీ గృహంలో మూడు కార్ల షెడ్డును ఇంటికి కలిపి కట్టినవాడు కూడా ఇతడే. కానీ రోబీ సంపన్నుడు. 1936లో రైట్ దగ్గరికి వచ్చిన హెర్బర్ట్ జాకబ్స్ మాడిసన్ నగరంలో ఒక దినపత్రికలో పనిచేసే విలేకరి. ఆర్థిక మాంద్యం ఇంకా తీరలేదు. జాకబ్స్ దంపతులు 5,000 డాలర్లలో మంచి ఇల్లు కట్టగలరా అని అడిగారు. రుసుముతో కలిపి 5,500 డాలర్లకు 1937లో ఇల్లు పూర్తయింది.

ఆ డబ్బు ఎక్కడ మిగిలిందో చూడటం మీకు ఉపయోగపడుతుంది. రైట్ అటక తీసేశాడు. బాయిలరుకు సరిపడే చిన్న గుంత తప్ప నేలమాళిగ తీసేశాడు. భోజనాల గదిని తీసేసి, వంటగది పక్కన ఒక మూల బల్ల వేశాడు. గోడలకు ప్లాస్టరు, రంగు లేవు. లోపల, బయట చెక్కే కనిపిస్తుంది. వేడినీటి గొట్టాలను కాంక్రీటు నేల కింద పరచి, నేలనే పొయ్యిగా మార్చాడు. ఇంటి పటాన్ని 2 అడుగులు, 4 అడుగుల గళ్ల మీద గీశాడు. అందువల్ల పలకలను కోసి పారేసే వృథా తగ్గింది. వంటగది, స్నానాలగది, బాయిలరు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల గొట్టాల ఖర్చు తగ్గింది.

కారు షెడ్డునూ తీసేశాడు. కారు గుర్రం కాదు కనుక దానికి కొట్టం అక్కరలేదన్నది రైట్ వాదన సారాంశం. వానకూ మంచుకూ తట్టుకునేలా తయారైన యంత్రానికి పైన కప్పు చాలు. ఇంటి కప్పునే ముందుకు సాగదీసి, దాని కింద కారు నిలిపాడు. దీనికి అతడు ప్రచారంలోకి తెచ్చిన పేరు కార్‌పోర్ట్. దీని వెనుక పొదుపు ఒక్కటే లేదు. గోడలున్న షెడ్డు చెత్త గదిగా మారుతుందని అతడి నమ్మకం. పాలో ఆల్టో షెడ్డును తలచుకుంటే అది ఎప్పుడూ చెడ్డ విషయం కాదేమో అనిపిస్తుంది. కానీ చిన్న ఇంట్లో పాత సామాను పేరుకుపోయి కారు వీధిలో నిలవడం మనకూ తెలిసిన దృశ్యమే.

వీధి నుంచి చూస్తే జాకబ్స్ ఇల్లు దాదాపు మూసిన గోడలా ఉంటుంది. వెనుక తోట వైపు మాత్రం అద్దపు తలుపులు వరుసగా తెరుచుకుంటాయి. ఇంటి ద్వారం కార్‌పోర్ట్ పక్కనే ఉంది. అతిథి, కారు ఒకే దారిలో వస్తాయి. మన పోర్టికోలో లాగే ఇక్కడా దిగే చోటు, నిలిపే చోటు ఒకటే అయ్యాయి. మంచు గడ్డకట్టే విస్కాన్సిన్ చలిలో కారును ఆరుబయట ఉంచమనడం సాహసమే. ఆ నష్టాన్ని కారు భరించింది, ఇంటి మనుషులు కాదు. నా దృష్టిలో ఈ ఇంటి గొప్పతనం ఇక్కడుంది. సుమారు 1,500 చదరపు అడుగుల ఇంట్లో డబ్బు మిగల్చవలసి వచ్చినప్పుడు, రైట్ ముందుగా వస్తువుల చోటును తగ్గించాడు. ఈ ఇల్లు 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

యుద్ధం తరువాత ఈ ఆలోచన సామూహిక నిర్మాణానికి చేరింది. న్యూయార్క్ దగ్గర రైట్ ఇల్లు ఒకటి కడుతుండగా ఆల్‌ఫ్రెడ్ లెవిట్ దగ్గరుండి గమనించాడు. అతడి కుటుంబ సంస్థ 1947 నుంచి లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్ కట్టింది. ఒక్కో ఇల్లు 750 చదరపు అడుగులు, రెండు పడకగదులు, నేలలో వేడి గొట్టాలు, నేలమాళిగ లేదు, తొలి ఇళ్లకు కారు షెడ్డూ లేదు. కారు లేకుండా బతకడం కష్టమైన ఊరది. 1951 నాటికి 17,000కు పైగా ఇళ్లు లేచాయి. ఆ ఊళ్లో కారుకు ఎలాగో చోటు దొరికింది కానీ నల్లజాతి వారికి దొరకలేదు. తెల్లవారు తప్ప ఇతరులు నివసించరాదని తొలి ఒప్పంద పత్రాలలోనే రాశారు. ఇంటి పటంలో కనిపించని ఇటువంటి గోడలను కూడా చరిత్ర విద్యార్థి గమనించాలి.

7.4 ఇరవై నాలుగున్నర గజాల ఇల్లు

ఇంతవరకు చూసిన ఇళ్లకు స్థలం కొరత లేదు. స్థలమే లేని చోట ఏమవుతుంది? దీనికి టోక్యోలోని టవర్ హౌస్ మంచి ఉదాహరణ. 1964 ఒలింపిక్ క్రీడల కోసం టోక్యోలో రోడ్లు వెడల్పు చేసినప్పుడు అక్కడక్కడా పనికిరాని ముక్కలు మిగిలాయి. అటువంటి ముక్కోణం లాంటి ఒక ముక్కను వాస్తుశిల్పి తకమిత్సు అజుమా తన కుటుంబం కోసం కొన్నాడు. దాని వైశాల్యం సుమారు 20.5 చదరపు మీటర్లు. మన లెక్కలో 24.5 గజాలు. నగరానికి దూరంగా పెద్ద స్థలం కొని రోజూ రైలులో వేలాడటం కంటే నగరం నడిబొడ్డున చిన్న చోటు మేలని అతడు నిశ్చయించుకున్నాడు.

1966లో పూర్తయిన ఆ ఇల్లు ముడి కాంక్రీటుతో కట్టిన సన్నని గోపురం. ఒక్కో అంతస్తు సుమారు 12 చదరపు మీటర్లు. నేల కింద సామాను గది. నేల మీద ద్వారం, కారు నిలిపే చోటు. ఆ పైన వంట, కూర్చునే గది. దాని మీద స్నానం. దాని మీద దంపతుల పడకగది. అన్నిటికంటే పైన కూతురి గది. మొత్తం కలిపితే 65 చదరపు మీటర్లు, అంటే 700 చదరపు అడుగులు. మెట్లే ఇంటికి వెన్నెముక. లోపలి గదులకు తలుపులు లేవు, స్నానాలగదికి కూడా. అంత చిన్న స్థలంలో కూడా కారు నేల అంతస్తును తీసుకుంది. పై అంతస్తులు దాని మీదికి పొడుచుకు వచ్చి కప్పు అయ్యాయి. సిట్రోహాన్ పటంలో కార్బూజియే గీసిన ఆలోచనే 44 ఏళ్ల తరువాత అవసరం కొద్దీ ఇక్కడ నిలబడింది.

మీరు అడగవలసిన ప్రశ్న ఇది: ఈ ఇంట్లో కారు కోసం ఎవరు ఏమి వదులుకున్నారు? నేల మీద కూర్చునే గది ఉండే అవకాశం పోయింది. వృద్ధులు మెట్లెక్కకుండా ఉండగల గది ఒక్కటీ లేదు. తలుపులు లేనందున ఏకాంతం తక్కువ. అక్కడ పెరిగిన కూతురు రియె అజుమా తరువాత తానూ వాస్తుశిల్పి అయ్యింది కనుక ఆ ఇల్లు ఆమెను విసిగించలేదనే అనుకోవచ్చు. కానీ మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ఆ ఇంటికి వస్తే ఏమవుతుందో పటం చూసి చెప్పగలం.

జపాన్‌లో 1962లో ఒక చట్టం వచ్చింది. కారు కొనేవారు దాన్ని నిలిపే చోటు చూపాలి. అయితే ఆ చోటు ఇంట్లోనే ఉండాలని లేదు; ప్రస్తుత నిబంధన ప్రకారం ఇంటికి 2 కిలోమీటర్ల లోపు ఉంటే చాలు. దీనికి భిన్నంగా, కట్టడంతో పాటే కార్లకు చోటు కూడా కట్టాలనే పద్ధతి 1923లో అమెరికాలోని కొలంబస్ నగరంలో అపార్ట్‌మెంట్లకు మొదలై ప్రపంచమంతా వ్యాపించింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నంలలో స్తంభాల మీద నిలిచిన అపార్ట్‌మెంట్ల కింది అంతస్తును మనం స్టిల్ట్ అంటాం. దీని వంశవృక్షంలో కార్బూజియే స్తంభాలూ ఉన్నాయి, ఈ పార్కింగు నిబంధనలూ ఉన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. కింద గోడలు లేకుండా స్తంభాలు మాత్రమే ఉండి, పైన ఇటుక గోడలతో బరువైన అంతస్తులు ఉంటే భూకంపంలో ఆ కింది అంతస్తే ముందుగా లొంగిపోతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, చాలా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూడా పార్కింగు స్తంభాల మీద నిలిచిన అపార్ట్‌మెంట్లు కూలి ఎందరో చనిపోయారు. కారు కోసం తీసేసిన గోడలకు బదులుగా స్తంభాలకు, దూలాలకు అదనపు బలం ఇవ్వాలని స్ట్రక్చరల్ ఇంజనీరు చెబితే, ఆ ఉక్కు దగ్గర పొదుపు చేయకండి.

7.5 మీ పటం

ఇప్పుడు మొదట గీసిన కాగితాన్ని మళ్లీ తీసుకోండి. 100 గజాల స్థలం, అంటే 25 అడుగుల వెడల్పు, 36 అడుగుల లోతు. మీ మునిసిపాలిటీ నిబంధనల ప్రకారం చుట్టూ వదలవలసిన జాగా పోను 20 × 28 అడుగులు మిగిలాయని అనుకుందాం. బయటి గోడలు 9 అంగుళాలవైతే లోపల 490 చదరపు అడుగులు వస్తాయి. షెడ్డుకు 180, పడకగదికి 105, వంటగదికి 48, స్నానాలగదికి 28 కేటాయించండి. మిగిలింది 129. లోపలి గోడలు కూడా ఇందులోంచే పోవాలి కనుక హాలుకు 105 చదరపు అడుగులు మిగిలితే గొప్ప. కారు గది హాలు కంటే పెద్దది. ఊరి నుంచి తల్లిదండ్రులు వస్తే పడుకునేది ఆ హాలులోనే.

ఇదే పటాన్ని జాకబ్స్ ఇంటి పద్ధతిలో గీయండి. షెడ్డుకు వీధి వైపు, పక్క వైపు గోడలు తీసేసి, కప్పును రెండు స్తంభాల మీద నిలపండి. వైశాల్యం మారలేదు, కానీ ఆ 180 అడుగుల స్వభావం మారింది. కారు బయటికి వెళ్లినప్పుడు అది వసారా. మిరపకాయలు ఆరబెట్టవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు, శుభకార్యానికి పది కుర్చీలు వేయవచ్చు. హాలు తలుపును దాని వైపు వెడల్పుగా పెడితే 105 అడుగుల హాలు పగలంతా పెద్దదిగా మారుతుంది. గోడలున్న షెడ్డుతో ఈ సౌకర్యం రాదు.

అయితే ఒక్క విషయంలో కఠినంగా ఉండండి. పడకగది కిటికీని కారు నిలిపే చోటు వైపు తెరవకండి. ఇంజను నడుస్తున్నప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మూసిన షెడ్డయితే దానికీ పడకగదికీ మధ్య తలుపు కూడా వద్దు. మీ చేత ఇల్లు గీయించుకునేవారు వాస్తు గురించి తప్పక అడుగుతారు. ప్రాచీన వాస్తు గ్రంథాల కాలానికి కారు లేదు. నేటి వాస్తు నిపుణులలో చాలామంది దానికి వాయవ్య మూల చెబుతారు. ఆ మూల వీధికి దూరమైతే, కారు అక్కడికి చేరడానికి 9 అడుగుల దారి ఇంటి పక్కగా పోవాలి. 20 అడుగుల ఇంట్లో 9 అడుగులంటే దాదాపు సగం. ఈ లెక్కను కాగితం మీద చూపించండి, నిర్ణయం వారిది.

కారు కొలతలు కూడా స్థిరం కాదు. 1983లో వచ్చిన మారుతి 800 పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.44 మీటర్లు. దానికి సరిపోయేలా అప్పట్లో కట్టిన షెడ్లలో నేటి పెద్ద కార్లు దూరవు. అటువంటి షెడ్లు మీ ఊళ్లోనూ ఉంటాయి. కొన్ని దుకాణాలయ్యాయి, కొన్ని అద్దె గదులయ్యాయి.

అభ్యాసం: మీ వీధిలో కారు నిలిపే చోటున్న మూడు చిన్న ఇళ్లను ఎంచుకోండి. యజమాని అనుమతితో టేపు పట్టుకొని కారు చోటు, పడకగది, వంటగది కొలవండి. రాత్రి పది గంటలకు ఆ ఇంట్లో ఎవరెక్కడ పడుకుంటారో అడిగి, పటం మీద గుర్తు పెట్టండి. కారు రాకముందు ఆ చోట ఏముండేదో ఇంటి పెద్దవారిని అడిగి పటం కింద రాయండి.